రాతిలో సగం, బడిలో సగం

2023 జనవరిలో ‘ప్లాస్ వన్’ అనే సైన్సు పత్రికలో మన దేశపు డైనోసార్ల మీద ఒక పరిశోధన పత్రం అచ్చయింది. మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాలో, నర్మద లోయలో, సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల నాటి లేమెటా రాతిపొరల్లో 92 గూళ్లు, 256 గుడ్లు దొరికాయన్నది దాని సారాంశం. ఒక్కో గుడ్డు అడ్డుకొలత 15 నుంచి 17 సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు పెద్ద కొబ్బరికాయంత. ఒక గూట్లో ఒకటే ఉంటే మరో గూట్లో ఇరవై దాకా ఉన్నాయి. గూళ్ల మధ్య తల్లి మసలేందుకు చోటు లేనంత దగ్గర. అందుకే అవి గుడ్లు పెట్టి, మట్టి కప్పి, తమ దారిన పోయేవని శాస్త్రవేత్తల ఊహ. ఇంత ముచ్చటైన సంగతుల నడుమ కూడా కన్ను ఆగి ఉండిపోయేది రచయితల పేర్ల దగ్గర. రెండో పేరు విశాల్ వర్మ. మిగతా వాళ్ల పేర్ల పక్కన విశ్వవిద్యాలయాలూ పరిశోధన సంస్థలూ ఉంటే ఆయన పేరు పక్కన ఉన్నది బాకానేర్ హయ్యర్ సెకండరీ స్కూలు. ఆయన బడిపంతులు.

ఆ జాబితాలో చిట్టచివరి పేరు గుంటుపల్లి వి.ఆర్. ప్రసాద్. అప్పుడు ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు. ఇంటిపేరు వింటేనే మనవాడని తెలిసిపోతుంది. అంతకు ముందు ఏడాది, 2022లో, ఇదే పంతులూ ఇదే ఆచార్యుడూ హర్ష ధిమాన్ అనే యువ పరిశోధకురాలితో కలిసి మరో వింత సంగతి ప్రకటించారు. బాగ్ పట్టణం దగ్గర పాడ్ల్యా గ్రామంలో దొరికిన ఒక డైనోసార్ గుడ్డు లోపల మరో గుడ్డు ఉంది. కోళ్లలో అరుదుగా జరిగేదే. గుడ్డు బయటికి రావలసింది వెనక్కి మళ్లి, దాని మీద ఇంకో పెంకు కడుతుంది. డైనోసార్‌లో అలాంటిది కనబడటం అదే మొదలు. ఆ రాకాసి జంతువుల కడుపు లోపలి ఏర్పాటు తాబేళ్ల కన్నా పక్షులకు దగ్గరగా ఉండి ఉండవచ్చునని దాన్నిబట్టి తెలిసింది.

వర్మ మాస్టారు ఈ గుడ్ల వెంట పడింది నిన్నా మొన్నా కాదు. 2007లోనే ఆయన, ఇద్దరు ముగ్గురు మిత్రులు కలిసి కుక్షి, బాగ్ ప్రాంతాల్లో వందకు పైగా గుడ్లను గుర్తించారు. ఏ వాగు ఏ వానకు ఏ గట్టు కోస్తుందో, ఏ పొలం గట్టు మీది గుండ్రాయిని ఊరివాళ్లు ఏమని పిలుస్తారో ఏళ్ల తరబడి అక్కడ తిరిగిన మనిషికి తెలుస్తుంది. ఢిల్లీ నుంచి నెల రోజుల పనికి వచ్చేవారికి అది దొరకదు. అలాగే, రాతిని పలచటి పొరగా కోసి సూక్ష్మదర్శిని కింద పెంకు అల్లిక చదవడం, ప్రపంచంలోని మిగతా గుడ్లతో పోల్చి పేరు పెట్టడం బాకానేర్ స్కూలు ల్యాబులో అయ్యే పని కాదు. ఒకరి దగ్గర ఉన్నది ఇంకొకరి దగ్గర లేదు. ఇద్దరూ కలిసి కూర్చున్నారు కాబట్టి ఆ గుడ్లకు చరిత్ర దక్కింది.

బడికీ శిలాజానికీ ఈ చుట్టరికం పాతదే. పంతొమ్మిదో శతాబ్దంలో నాగపూరులో స్టీఫెన్ హిస్లోప్ అనే స్కాట్లండ్ మిషనరీ ఉండేవాడు. 1846లో అక్కడ బడి పెట్టాడు. ఇప్పటి హిస్లోప్ కాలేజీ పేరు ఆయనదే. బడి చెప్పగా మిగిలిన వేళల్లో రాళ్లు ఏరేవాడు. మన ప్రాణహిత ఒడ్డున ఉన్న కోట, పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని మాలేరి శిలాజాలు లోకానికి తెలియడంలో ఆయన పాత్ర పెద్దది. 1863లో ఒక ఏరు దాటబోయి నీళ్లలో కొట్టుకుపోయాడు. సుమారు 22 కోట్ల ఏళ్ల కిందట మాలేరి నీళ్లలో బతికిన, మొసలిలాంటి పారాసూకస్‌కు ఆయన పేరు పెట్టారు.

ఆ పేరు మళ్లీ ఒకసారి మన నేల మీదే పలికింది. వికారాబాద్ వైపు నస్కల్ అనే ఊరుంది. దక్కను లావా పొరల మధ్య, లావా ఆగిన విరామంలో ఏర్పడిన చెరువుల మట్టి రాయిగా మారి అక్కడ దొరుకుతుంది. పైన చెప్పిన ప్రసాద్ గారు తన గురువు అశోక్ సాహ్నీతో కలిసి ఆ మట్టిరాతిని నీళ్లలో నానబెట్టి, సన్నని జల్లెడలో కడిగి, అడుగున మిగిలిన నలకలను సూక్ష్మదర్శిని కింద ఏరారు. ఆవగింజంత పళ్లు కనబడ్డాయి. డైనోసార్ల కాలంలో మన దేశంలో బతికిన క్షీరదానికి దొరికిన మొదటి ఆనవాలు అదే. 1988లో ‘నేచర్’ పత్రిక ఆ సంగతి ప్రచురించింది. ఆ పత్రంలోనే చుంచెలుకంత ఆ జీవికి పెట్టిన పేరు దక్కనోలెస్టెస్ హిస్లోపి. దక్కను దొంగ అని అర్థం. నాగపూరు బడిపంతులు పేరు నస్కల్ చుంచెలుకకు వచ్చింది. ఆవు, ఏనుగు, మనిషి, అన్నీ దానికి దూరపు చుట్టాలే. నస్కల్ బడిలో ఈ పూట హాజరు పలికే పిల్లలకు ఈ సంగతి ఎవరైనా చెప్పారా?

చెప్పకపోతే తప్పు ఆ ఊరి టీచరుది కాదు. ఆ పత్రం ఇంగ్లిషులో ఉంది, గ్రంథాలయపు బీరువాలో ఉంది. ఆ పళ్లు ఎక్కడో భద్రంగా ఉన్నాయి. పత్రం రాసినవారి పని అచ్చయిన రోజుతో ముగుస్తుంది. పాఠం చెప్పేవారి పని పుస్తకం చేతికి అందిన రోజున మొదలవుతుంది. ఆ రెండు రోజుల మధ్య దూరాన్ని దాటించే బాధ్యత ఎవరి ఉద్యోగంలోనూ రాసిపెట్టి లేదు. మన దగ్గర లోటు ఉన్నదల్లా ఇక్కడే.

హైదరాబాదులో నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియానికి వెళ్లినవారికి కోటసారస్ అస్థిపంజరం గుర్తుండే ఉంటుంది. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర, 1970ల చివర, భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వాళ్లు తవ్వి తీశారు. చిన్న స్థలంలోనే 840 ఎముకలు, కనీసం 12 జంతువులవి. 1988లో పి. యాదగిరి దానికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. నదీ తీరాన ఉన్న కోట పేరు ముందు, తవ్విన పల్లె పేరు వెనక. సుమారు 18 కోట్ల ఏళ్ల నాటి, ఆకులలములు మేసే సాధు జంతువు. కొన్నేళ్ల కిందట ఒక సెలవు రోజున దాని ముందు ఒక బడి పిల్లల గుంపు నిలబడి ఉంది. అయిదో తరగతో ఆరో తరగతో చదివే ఒక పిల్ల చాలాసేపు పైకి చూసి, “సార్, తల కూడా భూమిలోనే దొరికిందా?” అని అడిగింది. వెంట వచ్చిన మాస్టారు ఒక క్షణం ఆగి, “అన్నీ అక్కడివేనమ్మా” అన్నారు. వెనక ఇంకా నలభై మంది ఉన్నారు, బస్సుకు వేళవుతోంది.

తల దొరకలేదు. తలకు సంబంధించి దొరికినవి రెండు పళ్లు. మనం చూసే తల, దాని చుట్టాలైన మిగతా జంతువులను చూసి ఊహించి చేసినది. ఆ పిల్ల ఎంత సూక్ష్మంగా అడిగిందో! పురాజీవశాస్త్రంలో రోజూ నలిగే ప్రశ్న అది. ఏది దొరికింది, ఏది ఊహ, ఆ ఊహకు ఆధారం ఏమిటి? ఆ మాస్టారి పక్కన ఆ ఎముకల సంగతి తెలిసిన మనిషి ఒక్కరు నిలబడి ఉంటే ఆ పూట ఆ నలభై మందికీ సైన్సు అంటే ఏమిటో తెలిసిపోయేది. మాస్టారిని తప్పు పట్టడం అన్యాయం. ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. డైనోసార్ల వయసు కార్బన్ డేటింగ్‌తో కనుక్కుంటారని బళ్లలో చెప్పడం తరచు వింటుంటాం. కార్బన్-14 ప్రతి 5,730 ఏళ్లకూ సగమవుతూ పోతుంది. యాభై వేల ఏళ్లు దాటితే కొలవడానికి దాదాపు ఏమీ మిగలదు. కోట్ల ఏళ్ల నాటి ఎముక మీద ఆ లెక్క పనిచేయదు. దాని పైనా కిందా ఉన్న లావా, బూడిద పొరల్లో యురేనియం, పొటాషియం లాంటి మూలకాలు ఎంత తరిగాయో చూసి చెప్పాలి. మరొకటి, ఇంటి నేలకు పరిచే నాపబండ మీద అచ్చం చిన్న చెట్టులా, ఆకులా నల్లటి బొమ్మ కనబడుతుంటుంది. పిల్లలు దాన్ని శిలాజమని ఎంతో సంబరంగా బడికి తెస్తారు. చాలాసార్లు అది ఆకు కాదు. రాతి సందుల్లో నీటితో పాటు పాకిన మాంగనీసు, ఇనుము ఖనిజాల కొమ్మలు. తెచ్చిన పిల్ల మొహం చిన్నబుచ్చకుండా ఈ మాట చెప్పడం ఒక విద్య. అది టీచరుకు తెలుసు. బొమ్మ దేనిదో శాస్త్రవేత్తకు తెలుసు. అదే సింగరేణి పిల్ల అయితే, బొగ్గు పొర మీది పలకరాయి తెస్తే, దాని మీద ఉన్నది నిజంగానే గ్లోసోప్టెరిస్ ఆకు కావచ్చు. నాలుక ఆకారం, నడుమ ఈనె, దాన్నుంచి వలలా పాకిన సన్న ఈనెలు. పాతిక కోట్ల ఏళ్లకు పైబడిన ఆకు. అలాంటి ఆకులే దక్షిణాఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, అంటార్కిటికాలో కూడా దొరికాయి కాబట్టి ఆ నేలలన్నీ ఒకప్పుడు కలిసి ఉండేవని నమ్మగలిగాం. వాళ్ల నాన్న రోజూ దిగే గనిలో అంత కథ ఉందని ఆ పిల్లకు ఎవరు చెబుతారు?

పాఠం శాస్త్రవేత్త దగ్గర పుట్టి టీచరు చేతుల మీదుగా పిల్లలకు చేరుతుందని, దారి ఒకవైపే సాగుతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదని అమెరికాలో ఒక తరగతి గది చూపించింది. మెగలొడాన్ అని ముప్పై లక్షల ఏళ్లకు ముందే అంతరించిన పెద్ద సొరచేప ఉండేది. సొరచేపకు ఒంట్లో ఉండేది మెత్తటి మృదులాస్థి కాబట్టి అది నిలవదు, పళ్లు మాత్రం మిగులుతాయి. పంటి ఎత్తును బట్టి చేప పొడుగు కట్టే సూత్రం ఒకటి అప్పటికి వాడుకలో ఉంది. ఫ్లోరిడా సహజ చరిత్ర మ్యూజియంలో పరిశోధన చేస్తున్న విక్టర్ పెరెజ్, ఒకే చేపకు చెందిన పళ్లను త్రీడీ ప్రింటర్‌తో అచ్చు తీయించిన నమూనాలతో హైస్కూలు పిల్లలకు లెక్క పెట్టించాడు. ఒకే చేప కదా, అందరికీ దగ్గర దగ్గరగా ఒకే జవాబు రావాలి. ఒకరికి 40 అడుగులు వచ్చింది, ఇంకొకరికి 148 అడుగులు. కొలత తప్పారా, ప్రమాణాలు మార్చడం మరిచారా అని ఆయన బల్ల బల్లకూ తిరిగి చూశాడు. పిల్లలు తప్పు చేయలేదు. సూత్రమే తప్పు. శిలాజాలు సేకరించే ఒక ఔత్సాహికుడి సూచనతో ఎత్తుకు బదులు పంటి వెడల్పు పట్టుకుని కొత్త లెక్క కట్టారు. గరిష్ఠంగా 65 అడుగుల దాకా ఉండవచ్చని తేలింది. 2021లో ఆ పత్రం అచ్చయింది. ఇది విన్నప్పటి నుంచి మనసులో ఒకటే మెదులుతోంది. ఆ పిల్లలను బల్లల ముందు కూర్చోబెట్టి పళ్లు చేతికి ఇవ్వకపోయి ఉంటే ఆ తప్పు ఇంకెన్నాళ్లు కొనసాగేదో.

అమెరికాలోనే బర్క్ మ్యూజియం వాళ్లు బడి టీచర్లను మోంటానా రాష్ట్రంలోని హెల్ క్రీక్ నేలకు తీసుకెళ్లి, పురాజీవశాస్త్రజ్ఞుల పక్కన కూర్చోబెట్టి తవ్విస్తారు. తిరిగి వెళ్లాక పిల్లల ముందు పెట్టుకోవడానికి శిలాజాల పెట్టె కూడా అందుబాటులో ఉంచుతారు. సొంత చేతులతో బ్రష్షు పట్టి ఎముక మీది మట్టి తుడిచిన టీచరు చెప్పే పాఠానికీ బొమ్మ చూపి చెప్పే పాఠానికీ తేడా మన టీచర్లకు వివరించనక్కర్లేదు. బోధన సామగ్రి (టీఎల్ఎం) మేళాల కోసం అట్టలు, చీపురు పుల్లలు, పాత క్యాలెండర్లు ఏరి బొమ్మలు కట్టే చేతులు వాళ్లవి. వాళ్లకు అసలు వస్తువు అందాలి.

మనకు ఏం కావాలంటే పెద్ద ఖర్చు కాదు. హైదరాబాదు బండ్లగూడలో భూగర్భ సర్వేక్షణ సంస్థ ప్రాంతీయ కార్యాలయం, శిక్షణ సంస్థ ఉన్నాయి. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర, యోగి వేమన విశ్వవిద్యాలయాల్లో భూగర్భశాస్త్రం చెబుతున్నారు. చుట్టుపక్కల బళ్ల టీచర్లు కూడే కాంప్లెక్స్ సమావేశాలు ఎలాగూ జరుగుతున్నాయి. ఏడాదిలో ఒక్కటి, సర్క్యులర్లు చదవడానికి కాక, ఆ నేల రాళ్లు తెలిసిన మనిషితో కూర్చోవడానికి వదిలిపెట్టవచ్చు. వేంపల్లి మండలంలో అయితే సున్నపురాతిలో ఉల్లిపొరల్లా కనిపించే స్ట్రోమటోలైట్ల ముందు కూర్చోవాలి. సూర్యరశ్మితో బతికిన సూక్ష్మజీవుల చాపలు దాదాపు 190 కోట్ల ఏళ్ల కిందట వాటిని కట్టాయి. బేతంచర్ల వైపు అయితే బిల్లసర్గం గుహల దగ్గర. 1884-85లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ అక్కడ తవ్వి ఎన్నో జంతువుల ఎముకలు వెలికి తీశారు. రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడి అయితే లావా పొరల నడుమ ఉన్న సముద్రపు గవ్వలు, ఆలిచిప్పలు. సముద్రం ఎక్కడిదాకా వచ్చిందో ఊరి పిల్లలకు రాయే చెబుతుంది. ఆ సమావేశంలో శాస్త్రవేత్త ఉపన్యాసం ఇవ్వకూడదు. ఆరో తరగతి పిల్ల ఏమి అడుగుతుందో, నలభై నిమిషాల పీరియడ్లో ఎంత ఇముడుతుందో, పరీక్ష ఎక్కడ అడ్డొస్తుందో టీచరు ముందు చెప్పాలి. పాఠం ఆ తర్వాతే తయారు కావాలి.

అధికారులు చేయగల పని కూడా ఒకటుంది. టీచరు వాగు గట్టు మీద గడిపిన రోజును ఆన్ డ్యూటీ (ఓడీ)గా రాయడం. పరిశోధకుడు బడిలో గడిపిన రోజును అతని పదోన్నతి లెక్కలో వేయడం. ఇవి రెండూ లేకపోతే ఎంత మంచి మనసున్న వారికైనా మూడో ఏడు కాలు సాగదు. వర్మ మాస్టారు సాగారు. అందరినీ ఆయనలా ఉండమనడం న్యాయం కాదు.

తవ్వడం మాత్రం పిల్లల చేతుల్లో పెట్టకూడదు. రాయి ఏ పొరలో, ఏ వైపు తిరిగి ఉందో రాసుకోకుండా లాగేస్తే దాని కథ సగం పోతుంది. చూసినచోట వదిలి, పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీసి, చోటు రాసుకుని, టీచరుకు చెప్పాలి. టీచరు ఎవరికి చెప్పాలో టీచరుకు తెలిసి ఉండాలి. ఇప్పుడు చాలామందికి తెలియదు. ఒక ఫోను నంబరు అన్ని బళ్ల గోడ మీదా రాసిపెట్టే పాటి పని కూడా జరగలేదు.

ఇంకొక సున్నితమైన సంగతి. పాడ్ల్యాలో గుండ్రని రాళ్లను పొలాలు కాచే దేవుడిగా, కాకడ్ భైరవుడిగా తరతరాలుగా కొలుస్తున్నారు. అవి డైనోసార్ గుడ్లని ఇటీవల తెలిసింది. మన ఇళ్లలోనూ అలాంటిదే ఉంది. పూజ పెట్టెలో తులసి దళం కింద ఉండే సాలగ్రామం నేపాల్‌లోని గండకీ నది నుంచి వచ్చిన అమ్మొనైట్ శిలాజం. హిమాలయాలు లేచే ముందు అక్కడ ఉన్న సముద్రంలో ఈదిన జీవి గుల్ల. రాతి మీది చక్రం, ఆ గుల్ల లోపలి అరల వరస. తాతగారు అభిషేకం చేసే రాయిని తరగతి గదిలోకి లాగి వాదన పెట్టనక్కర్లేదు. ఎవరి మనసూ నొప్పించకుండా, ఈ రాయిని పూర్వులు ఇంత అపురూపంగా ఎందుకు చూసుకున్నారో, దానిలో ఇంకేం దాగి ఉందో ఒకే పూట చెప్పగలిగినవారు మన బళ్లలో ఎందరో ఉన్నారు. ఆ నేర్పు పరిశోధకుడు వాళ్ల దగ్గర నేర్చుకోవాలి.

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి పరిణామం భాగం తీసేసింది. ‘అనువంశికత, పరిణామం’ అన్న పాఠం ‘అనువంశికత’గా మిగిలింది. శిలాజాల ప్రస్తావన దానితోనే పోయింది. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు బహిరంగ లేఖ రాశారు. ఆ లేఖలో ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకం పెట్టారు. పుస్తకంలో చోటు తగ్గినప్పుడు ఊళ్లో ఉన్న రాయి విలువ పెరుగుతుంది. జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలను పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా గడపమంటోంది. ఆ పదిలో ఒక్క రోజు చాలు.

యామన్‌పల్లి ఎముకలు హైదరాబాదులో ఉండడమే మంచిది. అక్కడ వాటికి భద్రత ఉంది, చూసేవారున్నారు. ఒక తొడ ఎముక, ఒక పన్ను, రెండు వెన్నుపూసలు ప్లాస్టర్‌లో అచ్చు పోసి, తెలుగులో చీటీ రాసి, ఆ చుట్టుపక్కల బళ్లకు పెట్టెలో పంపవచ్చు. ఈ బడి నుంచి ఆ బడికి అది తిరుగుతుంది. పెట్టె వచ్చిన రోజున టీచరు, వెంట వచ్చిన శాస్త్రవేత్త, పిల్లలు బడి ఆవరణలో తాడు పట్టుకుని తొమ్మిది మీటర్లు కొలవాలి. కోటసారస్ పొడుగు సుమారు అంత. ముగ్గు పిండితో తోక గీయాలి, నాలుగు కాళ్లు, పొట్ట, పొడుగాటి మెడ గీయాలి. మెడ చివర గీత ఆపేసి, తల చోటు ఖాళీగా ఉంచాలి. ఎందుకని ఎవరో ఒక పిల్ల అడుగుతుంది. ఈసారి జవాబు చెప్పడానికి ఇద్దరుంటారు.